బొటనవేలు, చక్రాల సూట్‌కేసు

మా మేడమెట్ల రెయిలింగుకి పసుపు, నలుపు చారల రంగు వేయించింది మా బాబాయి. దారిన పోయేవాళ్ళు మా ఇంటిని చూసి రైల్వే గేటు అనుకునేవారు. పై భాగంలో బాబాయి, పిన్ని ఉంటారు. కింద మేము, అంటే అమ్మ, నాన్న, అమ్మమ్మ, నేను. మెట్లెక్కేటప్పుడూ దిగేటప్పుడూ అందరూ రెయిలింగు పట్టుకోవాలి. పట్టుకోకపోతే బాబాయి పైనుంచి చప్పట్లు కొట్టి ఆపి, మళ్ళీ మొదటి మెట్టు దగ్గర్నుంచి ఎక్కించేవాడు. అమ్మమ్మ చంకలో నిండు బిందె ఉన్నా సరే.

"అత్తయ్యగారూ, మీ క్షేమం కోసమే కదా," అనేవాడు.

"నా క్షేమం కోసమైతే ఆ బిందె మీరు పట్టుకోండి అల్లుడుగారూ," అనేది అమ్మమ్మ.

బాబాయి బిందె పట్టుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన సేఫ్టీ ఆఫీసరు. మా ఒడ్డు మీద నిలబడితే కంటికి ఆననంత దూరంలో, సముద్రంలో గ్యాసు తీసే క్షేత్రం ఒకటుంది. నీళ్ళలో ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ పాత ప్లాట్‌ఫారం, దాని పక్కనే కొత్తగా కట్టిన ఇంకొకటి, రెండింటి మధ్యా ఒక వంతెన. వాటి కింద, సముద్రపు అడుగున బావులు. ఆ బావుల్లోంచి వచ్చిన గ్యాసు పొడవాటి గొట్టంలో పడి, నీళ్ళ కింద పాకుతూ వచ్చి, మా ఊరి చివర టెర్మినల్ దగ్గర తేలుతుంది. అక్కడ పనిచేసేవాళ్ళు కొన్ని వారాలు సముద్రం మీదే ఉండి, హెలికాప్టర్‌లో ఇంటికొచ్చి, కొన్నాళ్ళు నిద్రపోయి, మళ్ళీ వెళ్తారు. బాబాయి నిద్రపోయేవాడు కాదు. ఇంటిని కూడా ప్లాట్‌ఫారం చేసేవాడు.

నాన్నకి అక్కడ ఉద్యోగం వేయించింది ఆయనే. ఆ సంగతి మేం మర్చిపోతామని ఆయనకి భయం కాబోలు, తరచుగా గుర్తుచేసేవాడు. ఇంట్లో నాన్నని "అన్నయ్యా" అని పిలిచేవాడు. సముద్రం మీద నాన్న ఆయన్ని "సార్" అనాలి, ఆయన నాన్నని ఏమీ అనడు, వేలు పెట్టి చూపిస్తాడు.

నాన్న రిగ్గరు. సరుకుల పడవ వచ్చి ప్లాట్‌ఫారం కింద అలల మీద ఊగుతూ నిలబడితే, పెట్టెలకి గొలుసులు తగిలించి, క్రేన్ నడిపే మనిషికి ఎత్తమనీ దించమనీ చెప్పేవాడు రిగ్గరు. పైన అద్దాల గదిలో కూర్చున్నవాడికి కింది మాటలు వినపడవు. గాలీ, ఇంజన్లూ, సముద్రమూ కలిసి అరుస్తుంటాయి. అందుకని అక్కడ నాన్న నోరు నాన్న చెయ్యే. బొటనవేలు పైకి చూపిస్తే ఎత్తు. కిందికి చూపిస్తే దించు. రెండు చేతులూ పక్కలకి చాచి, అరచేతులు నేలవైపు పెడితే ఆపు. ఎత్తమనీ దించమనీ రిగ్గరు మాత్రమే చెప్పాలి. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు, వంటగదిలో గిన్నెలు తోమేవాడైనా సరే. ఎవరు చేతులు చాచినా క్రేన్ ఆగాల్సిందే. ఆ నియమం గురించి బాబాయి మా భోజనాల దగ్గర కూడా ఉపన్యాసం ఇచ్చేవాడు. చివరికి అమ్మమ్మ కూడా కూర చాలనుకుంటే నోటితో చెప్పడం మానేసి, కంచం ముందు రెండు చేతులూ రెక్కల్లా చాచి కూర్చునేది.

ఆయన దగ్గర ఇంకో విద్య ఉంది. దాని పేరు ఐదు ఎందుకులు. ఏ పొరపాటు జరిగినా "ఎందుకు" అని వరసగా ఐదుసార్లు అడగాలట. ఐదోసారికి అసలు కారణం బయటపడుతుందట. ఒకరోజు పిన్ని పొయ్యి మీద పాలు పొంగించింది. బాబాయి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పాలెందుకు పొంగాయి?"

"మంట ఎక్కువైంది."

"మంటెందుకు ఎక్కువైంది?"

"తగ్గించలేదు."

"ఎందుకు తగ్గించలేదు?"

"అటు తిరిగున్నాను."

"ఎందుకు అటు తిరిగావు?"

"మీరు పిలిచారు."

బాబాయి ఐదోది అడగలేదు. "ఆయన ఎందుకు పిలిచాడో నేనడగనా?" అంది అమ్మమ్మ వసారాలోంచి. పిన్ని పమిట నోట్లో కుక్కుకుంది. నేను గదిలోకి పారిపోయి నవ్వుకున్నాను.

అప్పట్లో ఆయన మాకు నవ్వుకోవడానికి మాత్రమే పనికొచ్చేవాడు.

కొత్త ప్లాట్‌ఫారం నుంచి మొదటి గ్యాసు రావాల్సిన నెలలో ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇనుప కాళ్ళు దించడం మొదలుపెట్టిన రోజు నుంచి బావులు తవ్వి, గొట్టాలు వేసి, గ్యాసు వదిలే రోజు దాకా అక్కడ ఒక్కరికీ దెబ్బ తగల్లేదట. తగల్లేదని రాసి ఉన్న బోర్డు ఒకటుంది. దాని మీది అంకె రోజూ ఒకటి చొప్పున పెరుగుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలి పని మానేస్తే అంకె సున్నాకి పడిపోతుంది. సున్నా కాకుండా మొదటి గ్యాసు దాకా నెట్టుకొస్తే ఒడ్డున పెద్ద సభ, సభలో ప్రతి ఒక్కరికీ ఒక చక్రాల సూట్‌కేసు. నీలం రంగుది, మూత మీద మంట బొమ్మతో. ఆ సూట్‌కేసు ఫోటోని బాబాయి తన ఫోన్లో పెట్టుకుని, పసిపిల్లాడి ఫోటో చూపించినట్టు వీధిలో అందరికీ చూపించాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న ఇంకా రావాల్సిన రోజు కాకుండానే ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. మొహం పాలిపోయి ఉంది. వెనకే బాబాయి. ముందు గదిలోకి రాగానే ఆయన తలుపు మూసి, కిటికీ కూడా మూశాడు.

"ఏమీ కాలేదు వదినా, కంగారు పడకండి. అందరూ వినండి. అన్నయ్య మన బాత్రూంలో జారిపడ్డాడు. తలుపు సందులో వేలు నలిగింది. ఎవరడిగినా అంతే."

"మన బాత్రూంలోనా?" అంది పిన్ని, నిజంగానే ఆశ్చర్యపోయి. "పొద్దున్నే కడిగి ఆరబెట్టానండీ! పైగా బావగారు ఇప్పుడే కదా గుమ్మంలోకి వస్తున్నారు?"

"నువ్వు నోర్ముయ్యి."

అమ్మ నాన్నవైపు చూసింది. నాన్న గోడ వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. దెబ్బ తగిలినవాడు తప్పు చేసినవాడిలా గోడ వైపు చూడటం ఏమిటి?

అసలు జరిగింది రెండు రోజుల తర్వాత కొంగ మావయ్య చెబితే తెలిసింది. కొంగ మావయ్య అంటే క్రేన్ నడిపే మనిషి, నాన్న స్నేహితుడు. ఏళ్ళ తరబడి అద్దాల గదిలోంచి కిందికి తొంగిచూసి చూసి మెడ పొడుగైపోయిందని అందరూ ఆయన్ని అలా పిలుస్తారు. ఆయన వచ్చి నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

"నీ చేతులు చూశాన్రా," అన్నాడు. "రెండూ చాచావు. ఆపమన్నావు. స్పష్టంగా చూశాను."

"పోనీలే," అన్నాడు నాన్న.

"పడవ అంతెత్తున లేస్తోంది. ఎవడైనా ఆపుతాడు. నేనూ ఆపేవాణ్ణే. ఈలోపు రేడియోలో మీ తోడల్లుడు, ఆపొద్దు, కెమెరావాళ్ళు ఎదురుచూస్తున్నారు, ఎత్తెయ్ అన్నాడు. నీ చేతుల్ని చూస్తూ ఆయన మాట విన్నాను."

"పోనీలే అంటున్నాను కదా."

"పెట్టెలో ఏముందో తెలుసా చెల్లెమ్మా?" అని అమ్మ వైపు తిరిగాడు. "పంపు కాదు, వాల్వు కాదు. మొదటి గ్యాసు పండగ సామాను. బ్యానర్లు, రంగు బుడగలు, ఒక కేకు. పెట్టె ఊగి వచ్చి వీణ్ణి పడవ కమ్మీలకేసి నొక్కింది. కేకు మాత్రం చెక్కు చెదరలేదు. అందరికీ తలో ముక్కా పంచారు."

"నువ్వు తిన్నావా అన్నయ్యా?" అని అడిగింది అమ్మ.

కొంగ మావయ్య గ్లాసు కింద పెట్టేశాడు. తిన్నాడని అర్థమైంది. ఆయన మీద నాకున్న గౌరవం ఆ క్షణమే సగం పోయింది.

కట్టు మార్పించడానికి నాన్నతో పాటు నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. మా వీధి చివర చిన్న ఆస్పత్రి, డాక్టరమ్మ ఒక్కతే. కట్టు విప్పి, బొటనవేలు వంచమంది. వేలు కదల్లేదు. మళ్ళీ వంచమంది. నాన్న పళ్ళు బిగించాడు, నుదుటి మీద చెమట పట్టింది, మిగతా నాలుగు వేళ్ళూ వంగాయి కానీ బొటనవేలు మాత్రం ఎవరిదో అయినట్టు అలాగే ఉంది.

"ఎలా తగిలింది?"

"బాత్రూంలో జారిపడ్డానండీ."

"మీ బాత్రూంలో గ్రీజు ఎందుకుంది?" అంది ఆమె దూదితో గాయం అంచు తుడుస్తూ. దూది నల్లగా అయింది. ఆమె నా వైపు చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

ఆమె కోప్పడలేదు. లోపల వేలిని లాగే నరం తెగిపోయిందని చెప్పింది. సాగదీసిన రబ్బరు తెగితే రెండు కొసలూ ఎలా వెనక్కి పోతాయో, ఆ కొస కూడా అలా అరచేతిలోకి ముడుచుకుపోతుందట. తొందరగా కోసి, పట్టుకుని, కలిపి కుట్టాలి. వచ్చే వారం దాటితే కొస దొరకడం కష్టం. అప్పుడు వేలుంటుంది, పని చెయ్యదు. చేతి ఆపరేషన్లు చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల కంపెనీ ఆస్పత్రిలోనే ఉన్నారు. కంపెనీ పంపితేనే అక్కడ చేర్చుకుంటారు.

"మీ పనిలో బొటనవేలు అవసరమా?" అని అడిగింది.

నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రమే అమ్మ మేడ మీదికెళ్ళింది. రెయిలింగు పట్టుకోకుండా ఎక్కింది. బాబాయి చప్పట్లు కొట్టబోయి ఆమె మొహం చూసి ఆగాడు. వెనకే నేనూ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మరిదిగారూ, ఆయన్ని కంపెనీ ఆస్పత్రికి పంపించండి. మీరొక్క మాట చెబితే చాలు."

"పంపిస్తాను వదినా. పంపించనన్నానా? సభ అయిపోనివ్వండి. ఆ మర్నాడే నేనే దగ్గరుండి..."

"డాక్టరమ్మ అన్నిరోజులు ఆగకూడదంది."

"డాక్టర్లు అలాగే అంటారు. చూడండి వదినా, మనం ఒక్కళ్ళ గురించే ఆలోచిస్తే ఎలా? అంతమంది కష్టం. ఇప్పుడు పనిలో దెబ్బ తగిలిందని చెబితే బోర్డు సున్నా అయిపోతుంది. అందరి నోటి దగ్గర ముద్ద లాగేసినట్టవుతుంది. అన్నయ్యే ఆ పాపం మోస్తాడా?"

"నోటి దగ్గరది ముద్ద కాదు కదా మరిదిగారూ, సూట్‌కేసు."

"పిన్నీ, ఆయనకి మంచినీళ్ళివ్వు," అందామనుకున్నాను, ఆయన గుటకలు మింగుతున్నాడు. అనలేదు. నేను అనుకున్నవాటిలో చాలావరకు బయటికి రావు.

కిందికొచ్చాక అమ్మ నాన్నని నిలదీసింది. నాన్న, "సభ దాకా ఆగుదాం. ఉద్యోగం వేయించినవాడు," అన్నాడు. "ఏ చేత్తో చేస్తావు ఆ ఉద్యోగం?" అంది అమ్మ. నాన్న ఎడంచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడ్డాడు. అమ్మ కూడా సాయం చెయ్యలేదు. ఆ పూట మా ఇంట్లో నాన్న మీద జాలిపడ్డవాళ్ళు లేరు. నాకు బాబాయి అంటే అసహ్యం. నాన్న మీద మాత్రం కోపం, అది ఇంకా బాధగా ఉంటుంది.

మర్నాడు బాబాయి నా కోసం కిందికొచ్చాడు. వాళ్ళ సభలు మొదలయ్యే ముందు ఒక ఆచారం ఉందట. ఎవరో ఒకరు లేచి, తమకి ఎదురైన ప్రమాదం ఒకటి చెప్పి, దాన్నుంచి ఏం నేర్చుకున్నారో చెబుతారు. ఈసారి కుటుంబాలు వస్తున్నాయి కాబట్టి ఒక పిల్లచేత చెప్పిస్తే బావుంటుందని ఆయనకి తట్టిందట.

"మా నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారు, ఇంట్లో కూడా జాగ్రత్తగా ఉండాలని నేర్చుకున్నాం. అంతే. చిన్నదే కదా, చిట్టితల్లీ."

"నాకు మైకులో మాట్లాడటం రాదు బాబాయీ."

"అందుకే నువ్వు. నువ్వు చెబితే ఎవరూ అనుమానించరు. మనిషిని చూస్తేనే తెలుస్తుంది, అబద్ధం చెప్పే ధైర్యం లేదని."

ఆ మాట ఆయన మెచ్చుకోలుగా అన్నాడు. ఒక మనిషి ఇంత నీచంగా ఉంటూ అది తనకే తెలియకుండా ఎలా బతుకుతాడో నాకర్థం కాదు. నన్ను స్టూలు మీద నిలబెట్టి వల్లెవేయించాడు. స్టూలు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోమన్నాడు.

సభ ఒడ్డునున్న గోదాములో. గొట్టాలు పేర్చే చోట కుర్చీలు వేశారు. ఎంత కడిగినా నేల నుంచి నూనె వాసన పోలేదు. గేటు దగ్గర మమ్మల్ని నిలబెట్టి, మంటలొస్తే ఎటు పరిగెత్తాలో బొమ్మలు చూపించారు. పక్కనే ఒక అంబులెన్సు, తళతళలాడుతూ. లోపల డ్రైవరు సీటు వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. వేదిక మీద నీలం సూట్‌కేసులు కొండలా పేర్చి ఉన్నాయి. కొండ పక్కన బోర్డు, దానికి పరదా. ఆ అంకె ఎంతో తర్వాత చూశాను, గుర్తుపెట్టుకోవాలనిపించలేదు.

క్షేత్రం మొత్తానికి అధికారిని అందరూ పెద్దసారు అంటారు. పొట్టిగా ఉంటాడు. ఆయన లేచి, ఎన్నేళ్ళ కష్టం, ఎంత లోతు నీళ్ళు అని చెప్పి, తెర మీద కొత్త ప్లాట్‌ఫారం కొసన వెలిగిన మొదటి మంట చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తెర మీద మంట కింద బ్యానర్లు, బుడగలు, కేకు కోస్తున్న బాబాయి. నా పక్కన అమ్మ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. అమ్మమ్మ మాత్రం గట్టిగా అడిగింది, "ఆ కేకేనా?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు దగ్గారు.

తర్వాత నన్ను పిలిచారు. మైకు నా ఎత్తుకి దించాడు బాబాయి, నా భుజం మీద చెయ్యేసి పక్కనే నిలబడ్డాడు. ఎదురుగా వరసలు వరసలుగా సముద్రం మీద పనిచేసే మనుషులు. నాన్న రెండో వరసలో, కట్టుచెయ్యి ఎడమచేతి కింద దాచుకుని కూర్చున్నాడు.

"మా నాన్నగారు ఇంట్లో బాత్రూంలో జారిపడ్డారు," అన్నాను. "ఇంట్లో కూడా జాగ్రత్తగా ఉండాలని నేర్చుకున్నాం."

ఒక్కరూ తలెత్తలేదు. అంతమంది మగవాళ్ళు తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు. వాళ్ళందరికీ తెలుసు. తెలిసే వచ్చారు, సూట్‌కేసు కోసం. అంతవరకు నాకు భయంగా ఉంది. ఆ వంచిన తలలు చూశాక భయం తగ్గి, వాళ్ళంటే ఏవగింపు పుట్టింది.

నేను దిగబోతుంటే పెద్దసారు ముచ్చటపడి మైకు అందుకున్నాడు.

"ఆగమ్మా, ఆగు! ఇంత మంచి పాఠం ఊరికే వదిలేస్తామా? మన పద్ధతి ఉంది కదా. ఐదు ఎందుకులు! పాపతోనే చేయిద్దాం. ఆఫీసరుగారూ, మీరే కదా అందరికీ నేర్పింది?"

నా భుజం మీది చెయ్యి బరువెక్కింది. బాబాయి నాకు రెండు వాక్యాలే నేర్పాడు. తన విద్యని తన మీదే ప్రయోగిస్తారని ఊహించలేదు.

"చెప్పమ్మా. నాన్న ఎందుకు జారారు?"

"నేల తడిగా ఉంది."

"ఎందుకు తడిగా ఉంది?"

ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటికప్పుడు కల్పించడం నాకు చేతకాదు. పిన్ని గుర్తొచ్చింది.

"తడిగా లేదండీ. పిన్ని పొద్దున్నే కడిగి ఆరబెట్టింది."

నవ్వులు. పెద్దసారు కూడా నవ్వాడు. "మరి తడి లేకపోతే ఎందుకు పడ్డారు?"

"పడలేదండీ."

నవ్వులు ఆగిపోయాయి. "పాప కంగారు పడుతోంది సార్," అన్నాడు బాబాయి. కానీ పెద్దసారు లెక్క మధ్యలో వదిలే మనిషి కాదనుకుంటాను, నాన్న కట్టు చూస్తూ అలవాటుగా తర్వాతి ప్రశ్న అడిగేశాడు. "మరి నాన్న చేతికి ఆ కట్టెందుకు?"

"పెట్టె ఊగి తగిలింది."

"పెట్టె ఎందుకు..." అని సగంలో ఆగాడు. అప్పటికి ఆయనకి అర్థమైంది. పూర్తిగా అడక్కపోయినా అది ఐదోది కదా. నేను జవాబు చెప్పాను.

"నాన్న రెండు చేతులూ చాచి ఆపమన్నారండీ. బాబాయి రేడియోలో ఆపొద్దన్నారు. అందులో కేకు ఉంది."

నిజం చెబితే ఏదో జరుగుతుందనుకున్నాను. పైకప్పు విరిగి పడుతుందనో, బాబాయిని ఎవరైనా మెడపట్టి దింపుతారనో. ఏమీ జరగలేదు. పెద్దసారు నా తల నిమిరి, "చిన్నపిల్లలు ఇంట్లో ఏవేవో వింటుంటారు. చప్పట్లు!" అన్నాడు. కొట్టారు. పరదా లాగారు. బోర్డు మీద అంకె అలాగే ఉంది. పాటేదో పెట్టారు. మనుషులు లేచి సూట్‌కేసుల కోసం వరస కట్టారు. చక్రాలు గరగరమంటూ ఒక్కొక్కటే వేదిక దిగుతున్నాయి. నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను, నన్ను తప్పించుకుని పోతున్నారు. ఒకాయన "తప్పుకోమ్మా, చక్రం కాలి మీద పడుతుంది," అని కూడా అన్నాడు. జాగ్రత్త అంటే వాళ్ళకి అంత ఇష్టం.

అప్పుడు నాన్న లేచాడు.

కుర్చీల మధ్య దారిలోకి వచ్చి, వేదికకి ఎదురుగా నిలబడ్డాడు. రెండు చేతులూ పక్కలకి చాచాడు. అరచేతులు నేలవైపు. కుడిచెయ్యి కట్టుతో తెల్లగా, లావుగా ఉంది.

మొదట ఆగింది కొంగ మావయ్య. సూట్‌కేసు తీసుకుని వేదిక మెట్టు మీద ఒక కాలు పెట్టినవాడు అలాగే నిలబడిపోయాడు. ఆయన వెనకవాడు ఆగాడు. వాడి వెనకవాళ్ళు, పక్క వరసలో వాళ్ళు, గ్లాసుల పళ్ళెం పట్టుకు తిరుగుతున్న మనిషి, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మంచితనం వల్ల కాదు, ఒంట్లో ఇంకిపోయిన అలవాటు వల్ల. పెద్దసారు చాచిన చేతిలో సూట్‌కేసు గాల్లో ఉండిపోయింది.

"ఏంటిది? కదలండి!" అన్నాడు బాబాయి. "అన్నయ్యా, చేతులు దించు. ఇది క్రేన్ కాదు."

"ఆపమంటున్నాడు," అన్నాడు కొంగ మావయ్య. "వాడు ఆపమంటే ఆగాలి. ఆరోజు ఆగలేదు." తన చేతిలో సూట్‌కేసుని వెనక్కి వేదిక మీదికి నెట్టేశాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి కొండని తగిలింది.

అప్పుడు నాన్న మాట్లాడాడు. "నాకు సూట్‌కేసు వద్దు సార్. పనిలో తగిలింది ఈ దెబ్బ. నన్ను ఆస్పత్రికి పంపించండి. పంపిస్తానని మీరనేదాకా ఈ చేతులు దించను."

కుటుంబాలు చూస్తున్నాయి, కెమెరా కూడా తిరుగుతోంది. పెద్దసారు కెమెరా వైపు ఒకసారి చూసి, బాబాయి వైపు ఒకసారి చూసి, "పంపండి," అన్నాడు. న్యాయం గుర్తొచ్చి అన్నాడని నేననుకోను. కెమెరా లేకపోతే నాన్న చేతులు ఇంకా అలాగే ఉండేవి.

అమ్మ, కొంగ మావయ్య నాన్నని అంబులెన్సు దగ్గరికి తీసుకెళ్ళారు. అమ్మమ్మ అద్దం మీద కొట్టింది. డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు.

"ఎక్కడికండీ? ఇది ప్రోగ్రాం కోసం నిలబెట్టారండీ."

"ప్రోగ్రాం అయిపోయింది నాయనా, పద," అంది అమ్మమ్మ.

బండి కదిలేసరికి గోదాములోంచి మళ్ళీ చక్రాల చప్పుడు వినిపించింది. ఆగినవాళ్ళు ఆగింది ఆ కాసేపే. బోర్డు మీద అంకె తీసి సున్నా తగిలించేలోపు ఎవరి సూట్‌కేసు వాళ్ళు లాక్కుని బస్సెక్కారట. పిన్ని చెప్పింది. బాబాయి కూడా తన వాటా మర్చిపోలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరు కొస కోసం అరచెయ్యంతా వెతికాడట. దొరికింది. ఇంకో రెండు రోజులైతే దొరికేది కాదన్నాడు. నాన్న బొటనవేలు ఇప్పుడు పూర్తిగా వంగదు, సగం వంగుతుంది. ఎత్తడానికీ దించడానికీ అది చాలని కొంగ మావయ్య పైనుంచి చూసి ఒప్పుకున్నాడు. ఇప్పుడు రేడియోలో ఎవరు ఏం అరిచినా ఆయన వినడం మానేశాడట. నాకు ఆయన మీద పోయిన గౌరవంలో కొంత తిరిగొచ్చింది. మొత్తం కాదు, ఆ కేకు తిన్నాడు కదా.

బాబాయిని ఏం చేశారంటే, ఇంకో క్షేత్రానికి మార్చారు. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి జాగ్రత్తలు నేర్పుతాడట. పై హోదానే. ఈ సంగతి విని నేను ఆశ్చర్యపోలేదు, వాళ్ళ నుంచి నేను ఇంకేమీ ఆశించడం లేదు. పిన్ని వెంట వెళ్ళనంది. ఇక్కడ పాలు పొంగినా తనని అడిగేవాళ్ళుండరని చెప్పింది.

ఆయన వెళ్ళే రోజు పొద్దున నీలం సూట్‌కేసు నిండా కుక్కుకుని మెట్ల మీదికి తెచ్చాడు. మూడో మెట్టుకే ఒక చక్రం ఊడి కిందికి దొర్లింది. ఇక లాగడానికి లేదు. రెండు చేతులతో కడుపుకి హత్తుకుని, కాళ్ళ కింద మెట్టు కనపడక తడుముకుంటూ దిగుతున్నాడు.

"అల్లుడుగారూ, రెయిలింగు!" అని అరిచింది అమ్మమ్మ, వసారాలోంచి లేచి మరీ.

పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆయన మధ్యలో ఆగిపోయి కిందికి చూశాడు. కింద నాన్న నిలబడి ఉన్నాడు. నాన్న నవ్వలేదు. పనిలో ఉన్నట్టే మెట్లనీ, పెట్టెనీ, ఆయన కాళ్ళనీ ఒకసారి కొలిచి చూశాడు. తర్వాత కుడిచెయ్యి ముందుకి చాచి, సగమే వంగే ఆ బొటనవేలిని కిందికి తిప్పి, నెమ్మదిగా దించమని చూపించాడు.

బాబాయి ఆ వేలినే చూస్తూ, ఒక్కొక్క మెట్టే దిగాడు.